కప్పు మీదికి జెరికో గుర్రం: పాత రాతి అచ్చు బొమ్మలను ఇంటి వస్తువుల మీద వేయించుకోవడం ఎలా

మన ఇళ్ళలో గుర్రం బొమ్మ అంటే చాలాచోట్ల ఒకటే: ఏడు తెల్ల గుర్రాలు నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తే పటం. మా హాల్లో సోఫా వెనక కూడా అదే ఉంది, ఇప్పటికీ ఉంది. దానికి పోటీ తేవాలని నేను అనుకోలేదు. కానీ ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో లండన్‌లో వేసిన బొగ్గుబండి గుర్రాలను ఒకసారి కంప్యూటర్లో చూశాక, వాటిని రోజూ చూడాలనిపించింది. రోజూ తప్పకుండా చూసేది కాఫీ కప్పే కదా. అలా మొదలైంది.

మొదటి కప్పు తిరగబడి వచ్చింది. రెండోది మట్టిరంగు మరకలా వచ్చింది. మూడోదానికి కుదిరింది. ఆ తర్వాత కుషన్ కవర్లు, గుడ్డసంచి, ట్రే కూడా చేయించాను. మీరు నాలా రెండు కప్పులు పాడుచేసుకోనక్కర్లేకుండా పని మొత్తం వరసగా చెబుతాను.

ముందు ఆ బొమ్మ ఎలా తయారైందో తెలుసుకోండి

ఇది చరిత్ర పాఠం కాదు. ఇది తెలియకపోతే ప్రింటు షాపులో ఏం అడగాలో తెలియదు.

ఇవి లిథోగ్రాఫులు, అంటే రాతి అచ్చు బొమ్మలు. 1790ల చివర్లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన పద్ధతి. బవేరియాలో దొరికే ఒక రకం సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు. రాయిని తడిపి సిరా రుద్దితే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోటే అంటుతుంది. దానిమీద కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ దిగుతుంది. అంతకుముందు రాగిరేకు అచ్చుల్లో చాలావరకు చిత్రకారుడు గీసినదాన్ని చెక్కుడు పనివాడు రేకు మీదికి ఎక్కించేవాడు. ఇక్కడ మధ్యలో ఎవరూ లేరు, చిత్రకారుడి చెయ్యే నేరుగా కాగితం మీదికి వస్తుంది. అప్పటి రొమాంటిక్ చిత్రకారులకు, అంటే ఉద్వేగాన్ని బొమ్మలో చూపాలనుకున్నవాళ్ళకు, ఇది అంతగా నచ్చడానికి కారణం అదే.

మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. బొమ్మ గీయడానికి ముందు ఆ రాయిని ఇసుక, నీళ్ళు వేసి ఇంకో రాయితో నూరి సన్నని గరుకు తెప్పిస్తారు. క్రేయాన్ ఆ గరుకు మొనలకే తగులుతుంది, గుంటల్లోకి దిగదు. కాబట్టి మీకు బూడిదరంగుగా కనిపించే గుర్రం పొట్ట నిజానికి బూడిదరంగు కాదు. అన్నీ నల్ల చుక్కలే. దగ్గరదగ్గరగా ఉంటే ముదురు, ఎడంగా ఉంటే లేత. ఆ చుక్కలనే ఇక్కడ 'పొడి' అంటాను. బొమ్మ ప్రాణమంతా ఆ పొడిలోనే ఉంది. కింద చెప్పే ప్రతి పనిలోనూ చూసుకోవలసింది ఒకటే, పొడి చెరిగిపోకూడదు.

ఇంకోటి, రాయి మీద గీసింది కాగితం మీద ఎడమ కుడి, కుడి ఎడమ అవుతుంది. దీన్ని కూడా గుర్తుపెట్టుకోండి, నా మొదటి కప్పు దగ్గర మళ్ళీ వస్తుంది.

బొమ్మ ఎంచుకోవడం

ఇక్కడ తొందరపడకండి. వస్తువును బట్టి బొమ్మ ఉండాలి.

తెయోడోర్ జెరికో 1791లో రూయెన్‌లో పుట్టాడు, 1824లో 32 ఏళ్ళకే పోయాడు. గుర్రాల చిత్రకారుడు కార్ల్ వెర్నే దగ్గర కొంతకాలం నేర్చుకున్నాడు. తనకే స్వారీ పిచ్చి. గుర్రం మీంచి పడిన దెబ్బలు కూడా చావును దగ్గరకు తెచ్చాయి. 'రౌతు కొద్దీ గుర్రం' అంటాం కదా, ఈయన మాత్రం రౌతు ఎవరైనా గుర్రానికే ఎక్కువ మర్యాద ఇచ్చాడు. 1820లో తన పెద్ద చిత్రం 'మెడూసా తెప్ప' ప్రదర్శనకు లండన్ వెళ్ళి, అక్కడి వీధుల్లో బరువులు లాగే గుర్రాలను చూసి మరుసటి ఏడాది ఒక లిథోగ్రాఫుల వరస తెచ్చాడు. అచ్చు వేసింది చార్లెస్ హల్‌మాండెల్. అందులో యుద్ధాశ్వాల పౌరుషం తక్కువ. బొగ్గుబండి, సంతకు పోతున్న గుర్రాలు, రేవు గోదాములోకి వెళ్తున్న గుర్రాలు, లాడాలు కొట్టేవాళ్ళు. పొద్దున్నే కాఫీ తాగేవాడికి ఇంతకంటే దగ్గరి బొమ్మలు నాకు దొరకలేదు.

కప్పుకు బొగ్గుబండి, సంతకు పోయే గుర్రాలు బాగుంటాయి. రెండూ అడ్డంగా సాగే బొమ్మలు కాబట్టి కప్పు చుట్టూ తిరుగుతాయి. కప్పు తిప్పుతుంటే గుర్రాలు నడుస్తున్నట్టే ఉంటుంది.

కుషన్‌కు లాడాలు కొట్టే బొమ్మల్లో 'ఫ్లెమిష్' అని పేరున్నది చూడండి. కొలిమి చీకటి, అందులో గుర్రం. ముదురు బొమ్మ కాబట్టి మరకలు కనపడవు అనేది ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సిన కారణం.

గుడ్డసంచికి ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రువా. సైతానుకు ఆత్మను అమ్ముకున్న పండితుడు ఫౌస్ట్ కథకు ఆయన వేసిన 17 లిథోగ్రాఫులు 1828లో వచ్చాయి. వాటిలో రాత్రిపూట ఫౌస్ట్, ఆ సైతాను మెఫిస్టోఫెలిస్ గుర్రాల మీద దౌడు తీస్తున్న బొమ్మ ఒకటి ఉంది. నలుపు తెలుపు తేడా బలంగా ఉంటుంది, సంచి మీద దూరం నుంచి కూడా తెలుస్తుంది. అదే ఏడాది ఆయన వేసిన ఇంకో లిథోగ్రాఫు, పులి నోట పడ్డ అడవి గుర్రం. గొప్ప బొమ్మ. కానీ దిండు మీద మాత్రం వద్దు. మా మేనకోడలు ఒకసారి చూసి ఆ గదిలో పడుకోనని మొరాయించింది.

జంట కప్పులు కావాలంటే ఇంగ్లీషు చిత్రకారుడు జేమ్స్ వార్డ్‌ని వెతకండి. 1823-24లో పేరుపొందిన గుర్రాల లిథోగ్రాఫులు ఒక వరసగా వేశాడు. అందులో నెపోలియన్ గుర్రం మరెంగో ఉంది, వెల్లింగ్టన్ గుర్రం కోపెన్‌హేగన్ ఉంది. వాటర్లూ యుద్ధంలో ఎదురెదురు పక్షాలవని చెప్పే రెండు గుర్రాలు ఒకే ట్రేలో పక్కపక్కన కూర్చుంటాయి.

జెరికో 1818 బొమ్మ 'రష్యా నుంచి తిరుగుముఖం' నేను ఏ వస్తువు మీదా వేయించలేదు. చెయ్యి పోయిన సైనికుడు నడిపిస్తుంటే, కళ్ళు పోయిన సైనికుడు గుర్రం మీద కూర్చుని ఉంటాడు. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోండి. దానిమీద టీ గ్లాసు పెట్టడానికి నాకైతే చెయ్యి రాలేదు.

పరుగు బొమ్మలు చూస్తున్నప్పుడు ఒక అనుమానం వస్తుంది: గుర్రం నాలుగు కాళ్ళూ ముందుకూ వెనక్కూ చాచి గాల్లో తేలుతుంటుంది, ఇదేంటి అని. అప్పటి చిత్రకారులు చాలామంది అలాగే వేశారు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాకే తెలిసింది, నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే క్షణంలో అవి పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయని. బొమ్మలో తప్పుందని వదిలేయకండి, ఆ చాచిన కాళ్ళే దాని అందం.

ఫైలు దించుకోవడం

గూగుల్ ఇమేజెస్‌లో కనబడిన చిన్న బొమ్మను తీసుకోకండి. నేరుగా మ్యూజియం సైటుకే వెళ్ళండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018 నుంచి, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019 నుంచి, పారిస్ నగర మ్యూజియాలు 2020 నుంచి పాత బొమ్మల పెద్ద ఫైళ్ళను ఎలాంటి షరతూ లేకుండా ఇస్తున్నాయి. పేజీలో 'పబ్లిక్ డొమైన్' అనో 'సీసీ జీరో' అనో, అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని, ఉంటే చాలు. బ్రిటిష్ మ్యూజియం ఫైళ్ళకు వ్యాపారానికి వాడకూడదనే షరతు ఉంది. మీ ఇంటి కప్పుకు ఇబ్బంది లేదు, చేసి అమ్మాలనుకుంటే మాత్రం వాటి జోలికి పోకండి. ఇక కాపీరైటు అంటారా, మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళు. డెలాక్రువా పోయింది 1863లో.

వెతికేటప్పుడు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో సరిగ్గా పడాలి. ఫ్రెంచి పేర్లు పలికినట్టు రాస్తే దొరకవు, వికీపీడియా నుంచి కాపీ చేసుకోండి. పేరు పక్కన లిథోగ్రాఫ్, హార్స్ అని చేర్చండి. చిత్రకారుడి పేరుకు ముందు 'ఆఫ్టర్' అని ఉంటే అది ఆయన చేత్తో గీసింది కాదు, ఆయన బొమ్మను చూసి ఇంకొకరు వేసింది. చెడ్డదని కాదు, కానీ అసలుది దొరికితే అదే తీసుకోండి.

సైజు సంగతి గజిబిజి లేకుండా ఒక్క అంకె గుర్తుంచుకోండి: 2400 పిక్సెళ్ళు. కప్పు మీద సుమారు 8 అంగుళాల అడ్డం బొమ్మకు 300 డీపీఐ (అంగుళానికి పడే చుక్కలు) లెక్కన 2400. కుషన్ 16 అంగుళాలు, దాన్ని కొంచెం దూరం నుంచి చూస్తాం కాబట్టి 150 డీపీఐ చాలు, అదీ 2400. బొమ్మ పొడవైన వైపు అంతకంటే ఎక్కువ ఉన్న ఫైలే దించుకోండి. తక్కువ ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్‌లో సాగదీస్తే పొడి కాస్తా బురద అవుతుంది. ఏఐ టూలుతో పెద్దది చేయించడం ఇంకా వద్దు. నేను ప్రయత్నించాను. గుర్రం మెడ మీద పొడిని అది వెంట్రుకలనుకుని దువ్వి పెట్టింది.

మట్టిరంగు వదిలించడం

నా రెండో కప్పు పాడైంది ఇక్కడే. రెండు వందల ఏళ్ళ కాగితం తెల్లగా ఉండదు, మీగడ రంగు నుంచి గోధుమరంగు దాకా ఉంటుంది. మ్యూజియం ఫొటో ఆ రంగును ఉన్నదున్నట్టు తీస్తుంది. దాన్ని అలాగే తెల్ల కప్పు మీద వేస్తే, చుట్టూ నాలుగు పలకల మట్టి మరక వస్తుంది. కంప్యూటర్ తెర మీద అది ఎంత అందంగా ఉంటుందంటే, ఆ తప్పు ముందు కనపడదు.

గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానిలో చేయండి. బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ అయినా సరే.

1. ముందు క్రాప్ చేసి కాగితం అంచులు, మ్యూజియం రంగుల పట్టీ తీసేయండి.

2. కలర్స్ మెనూలో డీశాచురేట్ చేయండి. రంగు పోయి నలుపు తెలుపు మిగులుతుంది.

3. లెవెల్స్ తెరవండి. గ్రాఫు కింద మూడు గుర్తులుంటాయి. కుడివైపు తెల్ల గుర్తును ఎడమకు మెల్లగా జరపండి. కాగితం తెల్లబడుతుంది. ఆకాశంలో, నేల మీద సన్నగా రాసిన క్రేయాన్ కూడా మాయమవడం మొదలవగానే ఆగి, కొంచెం వెనక్కి రండి. పూర్తి తెలుపు కోసం ఆశపడితే గుర్రాలు గాల్లో వేలాడతాయి.

4. ఎడమవైపు నల్ల గుర్తును కొద్దిగా కుడికి. లాడం, జీను, కళ్ళెం తోలు నల్లగా గట్టిపడాలి, అంతే. మధ్య గుర్తును ముట్టుకోకండి.

5. బొమ్మను వంద శాతం సైజులో పెట్టి, గుర్రం తొడ దగ్గర చూడండి. చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయా? అయితే సరే. నున్నగా కనిపిస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ చేయండి. 'నాయిస్ తగ్గించు' అనే బటన్ ఎక్కడ కనిపించినా దూరంగా ఉండండి, దాని దృష్టిలో మన పొడే నాయిస్.

సబ్లిమేషన్ ప్రింటులో, అంటే మామూలుగా ఫొటో కప్పులు వేసే పద్ధతిలో, అచ్చమైన బూడిదరంగు కుదరడం కష్టం. పచ్చగానో ఎర్రగానో ఒక ఛాయ కొడుతుంది. అందుకని చివర్లో బొమ్మకు కాస్త వెచ్చని గోధుమ ఛాయ మనమే ఇచ్చేస్తే షాపు మిషను ఛాయ అందులో కలిసిపోతుంది. ఇది చుక్కలకే, కాగితానికి కాదు. గింప్‌లో 'కలర్ టు ఆల్ఫా'తో తెలుపు తీసేసి పీఎన్‌జీగా దాచుకుంటే కప్పు తెలుపే కాగితం తెలుపు అవుతుంది.

కప్పు

మామూలు 11 ఔన్సుల కప్పు మీద అచ్చు పడే జాగా సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు. మీ షాపు వాళ్ళ సరైన కొలత అడిగి తీసుకోండి. బొమ్మ ఆ జాగాకు సరిపోలేదని గిట్టలు, చెవులు కోయకండి. చిన్నదిగా చేసి పైనా కిందా తెలుపు వదిలినా నష్టం లేదు. గిట్టలు తెగిన గుర్రం బురదలో కూరుకుపోయినట్టు ఉంటుంది. చిన్నది చేసేటప్పుడు స్కేల్ పెట్టెలో 'క్యూబిక్' ఎంచుకోండి, లేకపోతే పొడి గళ్ళుగళ్ళుగా మారుతుంది. ముఖ్యమైన గుర్రం తల కప్పు పిడికి ఎదురుగా, అంటే జాగాకు సరిగ్గా మధ్యలో పడితే ఎదుటివాళ్ళకు కనిపిస్తుంది. మీకే కనపడాలంటే, కుడిచేత్తో తాగేవాళ్ళయితే, జాగాకు కుడివైపు పెట్టండి.

ఇక తిరగబడిన కప్పు కథ. సబ్లిమేషన్ పద్ధతిలో బొమ్మను ముందు కాగితం మీద తిరగేసి అచ్చు వేస్తారు. ఆ కాగితాన్ని కప్పుకు చుట్టి 180 నుంచి 200 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాలు వేడి చేస్తే రంగు ఆవిరై కప్పు పూతలోకి దిగుతుంది. రాతి మీద గీసి కాగితం మీద తిప్పుకున్న ఆ పాత లెక్కే. ఇది చదివి నేను తెలివిగా ఇంట్లోనే బొమ్మను తిప్పి తీసుకెళ్ళాను. షాపులో వాళ్ళ సాఫ్ట్‌వేర్ మామూలుగా తిప్పేది ఎలాగూ తిప్పింది. రెండుసార్లు తిరిగితే ఏమవుతుంది? బండి ఎదురు దిక్కుకు పోయింది, కింద ఇంగ్లీషు అక్షరాలు అద్దంలో చూసినట్టు వచ్చాయి. కాబట్టి బొమ్మను తిన్నగానే ఇవ్వండి, 'మీరే మిర్రర్ చేస్తారు కదా' అని ఒకసారి అడగండి. బొమ్మ కింద అక్షరాల ముక్క కొంచెం ఉంచితే, వేడి పెట్టే ముందు కాగితం మీద అవి తిరగబడి ఉన్నాయో లేదో చూసి మీరే నిర్ధారణ చేసుకోవచ్చు.

ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి. అది నొక్కి చిన్నది చేసి పంపుతుంది, మీరు పడ్డ శ్రమంతా అక్కడే పోతుంది. 'డాక్యుమెంట్'గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. షాపు కుర్రాడు 'బ్రైట్ చేయనా సార్, డల్‌గా ఉంది' అంటాడు. వద్దనండి. అన్నాక కూడా పక్కనే నిలబడండి.

కుషన్ కవర్, గుడ్డసంచి

సబ్లిమేషన్ రంగు పాలిస్టర్‌కే పట్టుకుంటుంది. కుషన్ కవర్‌కు తెల్లని లేదా లేతరంగు పాలిస్టర్ బట్ట కావాలి. నూలుబట్ట మీద వేస్తే నాలుగు ఉతుకుల్లో గుర్రం కాస్తా నీడ అవుతుంది. తెలుపు అనే రంగు ఈ మిషన్లలో ఉండదు, బట్ట తెలుపే తెలుపు. అందుకని ముదురు బట్ట మీద ఆశ పెట్టుకోకండి. బొమ్మ అడ్డంగా, కుషన్ చదరంగా ఉంటే పైనా కిందా ఖాళీ వదలండి. కుట్టుకు అన్నివైపులా కనీసం ఒక అంగుళం అదనంగా ఉండాలి. టైలర్‌కు చెప్పకపోతే తోక కుట్టులోకి పోతుంది.

నూలుసంచి అయితే స్క్రీన్ ప్రింటింగే సరైన దారి. శుభలేఖలు, సంచులు వేసే షాపుల్లో చేస్తారు. ఒక్క నలుపు రంగు చాలు. ఇక్కడే లిథోగ్రాఫు గొప్పతనం తెలుస్తుంది. మామూలు ఫొటోను స్క్రీన్ మీద వేయాలంటే దాన్ని చుక్కలుగా విడగొట్టాలి, దాన్ని హాఫ్‌టోన్ అంటారు. మన బొమ్మ ముందే చుక్కలు కదా! దాని మీద మళ్ళీ హాఫ్‌టోన్ చుక్కలు వేస్తే రెండూ కొట్టుకుని అలలు అలలుగా గీతలు వస్తాయి. అందుకని మీరే ఇంట్లో ఫైలు సిద్ధం చేయండి. లెవెల్స్ అయిన బొమ్మను రెండింతలు పెద్దది చేసి (సాగదీయవద్దని నేనే అన్నాను, ఇది మాత్రం చుక్కల అంచులు గళ్ళుగళ్ళుగా తెగకుండా ఉండటానికి), 'థ్రెషోల్డ్' వాడండి. ప్రతి పిక్సెల్ పూర్తి నలుపో పూర్తి తెలుపో అవుతుంది. గీతను జరుపుతూ, గుర్రం మొహంలో వెలుగు, కంటి నలుపు రెండూ నిలిచిన చోట ఆపండి. షాపులో 'హాఫ్‌టోన్ వద్దు, ఫిల్మ్ ఇలాగే తీయండి, సన్నని మెష్ (స్క్రీన్ వల) కావాలి' అని చెప్పండి. మరీ చిన్న చుక్కలు కొన్ని బట్టలో పోతాయి. అందుకే సంచి మీద బొమ్మ పది అంగుళాలకు తగ్గకూడదు.

ఒక్క సంచికి స్క్రీన్ కట్టడం దండగ, కనీసం పది వేయించండి. పది సంచులు ఇంట్లో ఏం చేసుకుంటాం అనకండి, పెళ్ళికి వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి ప్లాస్టిక్ డబ్బాల కంటే నయం.

కర్టెన్ కావాలనుకుంటే

ఒక్క గుర్రాన్ని ఏడడుగుల కర్టెన్ అంతా సాగదీయకండి, 2400 పిక్సెళ్ళు అంత దూరం రావు. చిన్న బొమ్మలను ఒకే రంగులో, ఎడం ఎడంగా, మళ్ళీ మళ్ళీ వచ్చేలా పేర్చండి. ఇది కొత్త ఆలోచన కాదు. పారిస్ దగ్గర జూయి ఊళ్ళో ఓబర్‌కాంఫ్ 1760లో పెట్టిన కార్ఖానా, తర్వాత రాగిరేకులతో అచ్చు వేసిన ఒంటిరంగు బొమ్మల గుడ్డలకు పేరుపొందింది. ఊళ్ళు, వేటలు, గుర్రాలు ఎర్రగానో నీలంగానో తెల్లటి గుడ్డ మీద పడేవి. ఆ కార్ఖానా పుట్టడానికి అసలు కారణం మన వైపు గుడ్డలే. మచిలీపట్నం సహా కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన అద్దకపు గుడ్డలకు ఫ్రాన్సులో ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళ గోలకు 1686లో వాటి దిగుమతినీ, అలాంటివి అక్కడ అచ్చు వేయడాన్నీ నిషేధించారు. 1759లో నిషేధం తీసేయగానే జూయి లాంటివి మొదలయ్యాయి. అంటే గుర్రాలున్న ఫ్రెంచి కర్టెన్ గుడ్డకు మేనమామ వరస పెడన, మచిలీపట్నం వాళ్ళదే.

మూడు బొమ్మలు చాలు. ఒకటి పెద్దది, రెండు చిన్నవి. పక్కపక్క వరసల్లో సగం ఎత్తు దింపి పెట్టండి, లేకపోతే గుర్రాలన్నీ కవాతులో నిలబడినట్టు ఉంటాయి. ఒక మీటరు ముక్క ముందు వేయించి, కిటికీకి కట్టి, పగలూ రాత్రీ చూశాకే మిగతాది.

తెచ్చుకున్నాక

కప్పును మెత్తని స్పాంజితో కడగండి, స్టీలు పీచు తగిలితే పూత గీసుకుపోతుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఒక్కసారి చూపించి చెబితే చాలు. సబ్లిమేషన్ పళ్ళెం చేయించుకుంటే గోడకే, దానిమీద కత్తితో పళ్ళు కోయకండి. కుషన్ కవర్ లోపలివైపు బయటికి తిప్పి, చల్లని నీళ్ళలో ఉతికి, నీడలో ఆరేయండి. ఇస్త్రీ కూడా వెనకవైపు నుంచే, తక్కువ వేడి మీద. ఎక్కువైతే రంగు మళ్ళీ ఆవిరై ఇస్త్రీ కింద పరిచిన దుప్పటి మీదికి గుర్రం దిగుతుంది. మా ఇంట్లో ఒక తెల్ల దుప్పటి మీద ఇప్పటికీ వెనక కాళ్ళు రెండు లేతగా ఉన్నాయి.